ఇంటి రుణం సాంక్షన్ లెటర్‌లో ఏ షరతులను ముందుగా చూడాలి? (అనంతపురంలో ఇల్లు, 30 లక్షల అప్పు)

ఆర్ట్స్ కాలేజీ రోడ్డు (అనంతపురం)

సభ్యులందరికీ నమస్కారం. అనంతపురంలో మేము ఒక పాత ఇంటికి బేరం కుదుర్చుకున్నాము. ధర 42 లక్షలు. మా దగ్గర ఉన్నది 12 లక్షలు, తక్కిన 30 లక్షలకు రుణం తీసుకోవాలి. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు 7.75 శాతం వడ్డీకి ఇస్తామంది. ఒక హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ 7.60 శాతానికే ఇస్తామంటోంది, పైగా కాగితాల పని అంతా తామే చూసుకుంటామని వాళ్ల మనిషి ఇంటికి వచ్చి చెబుతున్నాడు. గడువు రెండు చోట్లా 20 ఏళ్లే. తక్కువ వడ్డీ ఉన్నచోటే తీసుకోమని మా బావమరిది పట్టుపడుతున్నాడు. నాకు మాత్రం రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివినా ఏది మేలో తేలడం లేదు. ‘స్ప్రెడ్’, ‘రీసెట్’, ‘పీఎల్‌ఆర్’ వంటి మాటలు ప్రతి పేరాలోనూ ఉన్నాయి. ఉపాధ్యాయుడిని, జీతం తప్ప వేరే ఆదాయం లేదు. సంతకం పెట్టే ముందు ఏమేమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

గుత్తి కోట (గుత్తి)

మాస్టారూ, మన పల్లెల్లో అప్పు పత్రం ఒక్క పేజీలో అయిపోతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అని ప్రామిసరీ నోటు రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెడితే ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఇద్దరికీ లెక్క తెలుస్తుంది. మరి ఈ బ్యాంకుల వాళ్లు ముప్పై పేజీల కాగితాలు ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 7.75 శాతం అంటే మన లెక్కలో నెలకు నూటికి అరవై అయిదు పైసలు కూడా పడదు కదా. అంత చవకగా వస్తున్నప్పుడు ఏడాదికి నూటికి పదిహేను పైసల తేడా కోసం ఇంత ఆలోచన అవసరమా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

గుత్తి కోట గారి లెక్క సరైనదే. రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం అవుతుంది కాబట్టి దానితో పోలిస్తే గృహరుణం చవకే. కానీ ఆ నోటు మీద రాసిన వడ్డీ బాకీ తీరేదాకా మారదు. గృహరుణంలో ఇవాళ రాసిన శాతం ఇవాళ్టి మాట మాత్రమే, ఇరవై ఏళ్లలో అది ఎన్నిసార్లు, ఎవరి నిర్ణయం మీద, ఏ లెక్కన మారుతుందన్నదే అసలు షరతు. మిగతా పేజీలన్నీ దాని చుట్టూ తిరిగేవే. బ్యాంకు రుణ విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మాస్టారు గారూ, ముందుగా మీ రెండు కాగితాలలో వడ్డీ దేనికి ముడిపడి ఉందో చూడండి. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే చలన వడ్డీ (కాలాన్ని బట్టి మారే వడ్డీ) గృహరుణాలను తమ చేతిలో లేని ఒక ప్రామాణిక రేటుకు, చాలావరకు రిజర్వు బ్యాంకు రెపో రేటుకు (బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ రేటుకు), ముడిపెట్టాలన్న నిబంధన ఉంది. రెపో 5.25, దాని మీద బ్యాంకు వేసుకునే స్ప్రెడ్ 2.50, రెండూ కలిసి మీ 7.75 శాతం. రెపో మారితే ఆ మార్పు కనీసం మూడు నెలలకు ఒకసారైనా మీ ఖాతాలోకి రావాలి, దానినే రీసెట్ అంటారు. స్ప్రెడ్‌ను బ్యాంకు ఇష్టం వచ్చినప్పుడు పెంచడానికి వీల్లేదు. అందులో మీ పరపతిని బట్టి వేసిన భాగం, మీ చెల్లింపుల తీరు గణనీయంగా దెబ్బతింటే తప్ప మారకూడదు. నిర్వహణ ఖర్చుల వంటి తక్కిన భాగాలను మూడేళ్లలోపు మళ్లీ పెంచకూడదు.

ఈ నిబంధన బ్యాంకులకే వర్తిస్తుంది, హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలకు వర్తించదు. వాళ్లు తమ పీఎల్‌ఆర్‌ను, అంటే తమ రుణాలకు పెట్టుకునే మూల వడ్డీ రేటును, తామే నిర్ణయించుకుని, అందులోంచి కొంత తగ్గించి మీకు 7.60 అని చెబుతారు. 2025లో రెపో ఫిబ్రవరిలో 6.50 నుంచి 6.25కు, ఏప్రిల్‌లో 6కు, జూన్‌లో 5.50కు, డిసెంబరులో 5.25కు దిగింది. రెపోకు ముడిపడిన రుణం ఉన్నవారికి ఆ తగ్గుదల దానంతట అదే అందింది. సొంత పీఎల్‌ఆర్ ఉన్న సంస్థ అదే మోతాదులో, అదే వేగంతో తగ్గించాలన్న నియమం లేదు. కనుక ఆ సంస్థను ఒక్క ప్రశ్న అడగండి: గత మూడేళ్లలో మీ పీఎల్‌ఆర్ ఏ తేదీన ఎంత మారిందో కాగితం మీద రాసి ఇస్తారా? ఇచ్చినవారితో మాట్లాడవచ్చు. ఇవ్వడానికి తటపటాయిస్తే ఆ 0.15 శాతం తేడాను నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఇక రెండవ సంగతి, దీనిని చాలామంది పట్టించుకోరు. వడ్డీ పెరిగినప్పుడు మీ ఈఎంఐ పెరుగుతుందా, గడువు పెరుగుతుందా? 30 లక్షలకు 7.75 శాతం చొప్పున 20 ఏళ్లకు ఈఎంఐ 24,628 రూపాయలు. అందులో మొదటి నెల వడ్డీకే 19,375 పోతుంది, అసలుకు చేరేది 5,253 మాత్రమే. వడ్డీ ఒక్క శాతం పెరిగిందనుకోండి. ఈఎంఐ పెంచుకుంటే 26,511 అవుతుంది. ఈఎంఐ పెంచకుండా గడువును పొడిగిస్తే 240 నెలల అప్పు 302 నెలలకు పాకుతుంది. నెలకు పంతొమ్మిది వందలు ఎక్కువ కట్టడమా, అయిదేళ్లకు పైగా అదనంగా కట్టడమా అన్న ప్రశ్న ఇది, కానీ ఏ కబురూ లేకుండా గడువునే పెంచేసిన కాలం ఒకటి ఉండేది. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.50కి చేరింది. 6.75 శాతానికి 30 లక్షలు తీసుకున్నవారి ఈఎంఐ 22,811. వడ్డీ 9.25 అయినప్పుడు, ఇంకా ఇరవై తొమ్మిదిన్నర లక్షల బాకీ ఉన్నవారికి నెల వడ్డీయే 22,740 అయింది. పాత ఈఎంఐనే కట్టుకుంటూ పోతే నెలకు నూరు రూపాయలైనా అసలుకు చేరదు.

అందుకే 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పొడిగించాలా, రెండూ కొంతకొంత చేయాలా అన్న ఎంపికను రుణగ్రహీతకే ఇవ్వాలని, కట్టే వాయిదా ఆ నెల వడ్డీకి కూడా చాలని స్థితి రాకూడదని అందులో ఉంది. కాబట్టి ‘వడ్డీ పెరిగితే ఈఎంఐనే పెంచండి, గడువు మార్చవద్దు’ అని ఇప్పుడే లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. జీతం మీద బతికేవారు రిటైరయ్యాక కూడా కిస్తీలు కట్టవలసి రావడం ఈ ఒక్క చోటే మొదలవుతుంది.

దేవుని కడప (కడప)

కొండారెడ్డి బురుజు గారు వడ్డీ సంగతి పూర్తిగా చెప్పారు కనుక నేను ఖర్చుల గురించి రాస్తాను. అకౌంట్ల పని చేసే దానిని కాబట్టి నా కన్ను ముందు అటువైపే పోతుంది.

మాస్టారు గారూ, 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ప్రతి కొత్త రిటైల్ రుణానికీ ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే ముఖ్యాంశాల పత్రాన్ని ఒప్పందానికి ముందే ఇవ్వాలి, అదీ రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో. అది చేతికి వచ్చాక ఆలోచించుకోవడానికి మీకు కనీసం మూడు పనిదినాల వ్యవధి ఉంటుంది, ఆ లోపల వాళ్లు షరతులు మార్చరాదు. అందులో ‘ఏపీఆర్’ అన్న గడిని చూడండి. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఫీజు, వాల్యుయేషన్ ఖర్చు, రుణంతో ముడిపెట్టిన బీమా వంటివన్నీ కలిపితే ఏడాదికి నిజంగా పడే శాతం అది. మీ 7.75కూ 7.60కీ పోలిక పెట్టవలసింది ఆ గడిలోనే. ఆ పత్రంలో లేని రుసుమును తరువాత మీ స్పష్టమైన అనుమతి లేకుండా వసూలు చేయకూడదు.

బీమా దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. అప్పుకు సరిపడా జీవిత బీమా ఉండడం మంచిదే, కుటుంబానికి రక్షణ కూడా. అయితే రుణం కావాలంటే బ్యాంకు దగ్గరే ఒకేసారి ప్రీమియం కట్టి తీరాలనే నియమం ఏదీ లేదు. ఆ ప్రీమియాన్ని మీ చేతి నుంచి అడగరు, అప్పులో కలిపేస్తారు కనుక బరువు తెలియదు. 90 వేల ప్రీమియాన్ని 7.75 శాతం చొప్పున 20 ఏళ్లు కడితే మొత్తం 1.77 లక్షలు దాటుతుంది. విడిగా టర్మ్ పాలసీ తీసుకుంటే ఎంత అవుతుందో కనుక్కుని పోల్చి చూడండి. ఇప్పటికే ఎవరైనా ఒప్పుకుని ఉంటే, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చే హక్కు ఉంది.

ఇంకొక మాట. 42 లక్షల ఇంటికి 12 లక్షలు చేతిలో ఉంటే సరిపోతుందని మీరు అనుకుంటున్నట్టుంది. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే 3.15 లక్షలు. ఇల్లు పది లక్షలకు మించితే ఈ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు. అది మీరే చూసుకోవాలి.

ఆర్ట్స్ కాలేజీ రోడ్డు (అనంతపురం)

చాలా కృతజ్ఞతలు. రిజిస్ట్రేషన్ ఖర్చు విషయం మేము నిజంగా లెక్క వేసుకోలేదు. దీనికి సంబంధించే మరొకటి అడగాలి. అమ్మేవారు పత్రంలో 28 లక్షలే చూపిద్దాము, తక్కిన 14 లక్షలు నగదుగా ఇవ్వండి, మీకూ స్టాంపు డ్యూటీ కలిసి వస్తుంది అంటున్నారు. ఇక్కడ అందరూ అలాగే చేస్తారని మధ్యవర్తి కూడా చెబుతున్నాడు. దీని వల్ల రుణానికి ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

హంద్రీ (కర్నూలు)

న్యాయవాదిగా చెబుతున్నాను, ఆ మాటకు ఒప్పుకోవద్దు. రుణం వరకే చూసినా అది మీకు నష్టం. 30 లక్షల వరకు రుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల వరకు రుణానికి 80 శాతం దాకా, ఆ పైన 75 శాతం దాకా మాత్రమే ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు పరిమితి. బ్యాంకులు సాధారణంగా పత్రంలోని ధర, తమ వాల్యుయర్ చెప్పిన విలువ, ఈ రెండింటిలో తక్కువదాని మీద లెక్క కడతాయి. 28 లక్షలు చూపిస్తే మీకు వచ్చే గరిష్ఠ రుణం 25.20 లక్షలు. తక్కువపడిన 4.80 లక్షలు మీరు ఎక్కడినుంచి తెస్తారు? చివరకు గుత్తి కోట గారు చెప్పిన రెండు రూపాయల వడ్డీకే తేవాలి. ఇక స్థిరాస్తి బేరంలో 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకుంటే, పుచ్చుకున్న మొత్తమంత జరిమానా వేసే అధికారం ఆదాయపు పన్ను శాఖకు ఉంది. రేపు మీరు ఇల్లు అమ్మినప్పుడు మీ కొనుగోలు ధర 28 లక్షలుగానే లెక్కకు వస్తుంది కాబట్టి లాభం మీద పన్ను కూడా మీ నెత్తినే పడుతుంది.

పత్రాల గురించి ఒక్క ముక్క. బ్యాంకు ప్యానెల్ లాయరు లీగల్ ఒపీనియన్ ఇచ్చాడని నిశ్చింతగా ఉండవద్దు. అది బ్యాంకు తన అప్పుకు భద్రత ఉందో లేదో చూసుకునే కాగితం. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు), 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) మీరు విడిగా మీ సొంత లాయరుకు చూపించుకోండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో, పూర్వం డీకేటీ పట్టా (ప్రభుత్వం ఇచ్చిన భూమి) గానీ చుక్కల భూమి (పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలే ఉన్న భూమి) గానీ అయి ఉందేమో తప్పక విచారించండి. మన రాయలసీమలో ఊళ్లు పెరిగి పొలాల్లోకి వచ్చిన చోట్ల ఈ చిక్కు ఎక్కువ.

పెన్నా ఒడ్డు (కడప)

నా ప్రశ్న కొంచెం వేరు, కానీ ఇదే విషయం కనుక ఇక్కడే అడుగుతున్నాను. నాకు స్థలం ఉంది, కట్టుకోవడానికి 20 లక్షలు మంజూరయ్యాయి. బేస్‌మెంట్ అయ్యాక కొంత, శ్లాబు పడ్డాక కొంత, ప్లాస్టరింగ్ అప్పుడు కొంత విడుదల చేస్తామన్నారు. ఇప్పటికి 8 లక్షలు ఇచ్చారు. నెలనెలా కడుతున్నాను కానీ స్టేట్‌మెంటులో అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. ఇదేమైనా పొరపాటా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

పొరపాటు కాదు, మీరు కడుతున్నది ప్రీ-ఈఎంఐ. విడుదలైన మొత్తం మీద వడ్డీ మాత్రమే ఇప్పుడు వసూలు చేస్తారు. 8 లక్షలకు 7.75 శాతం చొప్పున నెలకు 5,167 రూపాయలు, మీ రసీదు ఇంచుమించు అంతే ఉండాలి. అసలు తగ్గడం పూర్తి ఈఎంఐ మొదలైన నాటి నుంచే. ఇసుక దొరకలేదనో మేస్త్రీ రాలేదనో పని ఆగిన ప్రతి నెలా ఈ వడ్డీ వృథాగా పోయినట్టే, కాబట్టి పూర్తి ఈఎంఐ ఎప్పటి నుంచి మొదలవుతుందో, నిర్మాణం ఆ తేదీకి ముగియకపోతే ఏమవుతుందో సాంక్షన్ లెటర్‌లో చూసుకోండి. కొన్ని చోట్ల నిర్మాణం సాగుతుండగానే పూర్తి ఈఎంఐ కట్టనిస్తారు. స్తోమత ఉంటే అదే మేలు.

గుత్తి కోట (గుత్తి)

మా ఊరి పక్కన ఒక ప్రైవేటు ఫైనాన్స్ వాళ్లు ఇంటి పత్రాలు పెట్టుకుని 10 లక్షలకు 7 శాతం ఫ్లాట్ వడ్డీ, పదేళ్లు అంటున్నారు. బ్యాంకు 7.75 కంటే ఇదే తక్కువ కదా, పైగా మారే వడ్డీ కూడా కాదు. నా మనసు అటే మొగ్గుతోంది.

దేవుని కడప (కడప)

అన్నా, ఆ లెక్కలో మాయ ఉంది. ఫ్లాట్ అంటే మీరు తొమ్మిదేళ్లు కట్టి అసలు చాలావరకు తీర్చేసిన తరువాత కూడా మొదటి 10 లక్షల మీదే వడ్డీ వేస్తారు. ఏడాదికి 70 వేల చొప్పున పదేళ్లకు వడ్డీ 7 లక్షలు, మొత్తం 17 లక్షలు, నెలకు 14,167. తగ్గే బాకీ మీద వడ్డీ వేసే బ్యాంకు లెక్కలోకి మారిస్తే అది దాదాపు 11.7 శాతం. ఏ రేటు చెప్పినా ‘ఫ్లాటా, తగ్గే బాకీ మీదా’ అన్నది అడగకుండా ముందుకు పోవద్దు. మారని వడ్డీ అన్న ధైర్యానికి కూడా వెల ఉంది. గడువుకు ముందే తీర్చేస్తే ఎంత రుసుము వేస్తారో వాళ్లను అడిగి చూడండి.

నిర్వాహకులు

సభ్యులకు మనవి. ఒకరిద్దరు తమ సాంక్షన్ లెటర్ ఫొటోలను ఇక్కడ పెట్టారు. ఖాతా నంబరు, పాన్, చిరునామా కనిపిస్తున్నందున వాటిని తొలగించాము. షరతులను టైపు చేసి అడగండి.

ఆర్ట్స్ కాలేజీ రోడ్డు (అనంతపురం)

అమ్మేవారికి పూర్తి ధర పత్రంలో రాస్తేనే కొంటామని చెప్పేశాము. రెండు రోజులు అలిగారు, తరువాత ఒప్పుకున్నారు. హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ మనిషిని పీఎల్‌ఆర్ చరిత్ర అడిగాను, హెడ్డాఫీసుకు రాయాలన్నాడు. బ్యాంకు వైపే మొగ్గుతున్నాము. నాకు ఏటా సెలవు జీతమో, బకాయి డీఏనో కొంత మొత్తం ఒకేసారి వస్తుంది. దానిని ముందుగా కట్టేస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా, జరిమానా ఏమైనా వేస్తారా? మా ఆవిడను కో-అప్లికెంట్‌గా చేర్చమన్నారు, దాని సంగతి కూడా చెప్పండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

వ్యక్తులు తీసుకున్న చలన వడ్డీ గృహరుణానికి ముందస్తు చెల్లింపు రుసుము లేదు, నిశ్చింతగా కట్టవచ్చు. మొదటి ఏడాది మీరు కట్టే 2.95 లక్షలలో అసలుకు చేరేది 65 వేలు మాత్రమే. ఏడాది పూర్తయ్యాక ఒక్క లక్ష అదనంగా కట్టి, ఈఎంఐ అలాగే ఉంచితే గడువు పదహారు నెలలకు పైగా తగ్గుతుంది, వడ్డీ మూడు లక్షలకు పైగా మిగులుతుంది. అదే లక్ష పదిహేనవ ఏట కడితే ఇంత ఫలితం ఉండదు. అయితే కట్టిన రోజునే ‘ఈఎంఐ తగ్గించవద్దు, గడువు తగ్గించండి’ అని రాసి ఇవ్వండి, కొత్త పట్టిక తీసుకోండి. ఆ డబ్బును మ్యూచువల్ ఫండ్లలో పెడితే ఇంకా ఎక్కువ వస్తుందని ఎవరైనా చెబుతారు. రావచ్చు, రాకపోవచ్చు. జీతగాడికి తీరిన అప్పే నికరమైన లాభమని నా అభిప్రాయం. ఆరు నెలల ఖర్చు మాత్రం విడిగా ఉంచుకుని కట్టండి.

హంద్రీ (కర్నూలు)

మీ శ్రీమతి గారి పేరు విక్రయ పత్రంలో కూడా ఉంటేనే కో-అప్లికెంట్‌గా చేర్చండి. ఆస్తిలో భాగం లేకుండా అప్పులో మాత్రం భాగం పెట్టడం న్యాయం కాదు. కో-అప్లికెంట్ బాధ్యత సగం కాదు, మొత్తం. హామీదారుకైనా అంతే, కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అసలు రుణగ్రహీతతో సమానమైన బాధ్యత. తోటి ఉపాధ్యాయుడికి సంతకం పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 90 రోజులు వాయిదాలు ఆగితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. అటుపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకు పోకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంది. ఇబ్బంది వస్తుందని తెలిసిన నెలలోనే బ్యాంకుకు వెళ్లి మాట్లాడాలి, నోటీసు వచ్చేదాకా ఆగకూడదు. ఆలస్యానికి వేసే జరిమానాను రుసుముగానే వేయాలి, దానిని అసలులో కలిపి మళ్లీ వడ్డీ వేయకూడదన్నది ఇప్పటి నిబంధన.

పెన్నా ఒడ్డు (కడప)

మా అన్నగారి అప్పు తీరిపోయి చాలాకాలమైనా ఒరిజినల్ పత్రాలు ఇంకా ఇవ్వలేదు. హైదరాబాదులో ఉన్నాయి, వస్తాయి అంటున్నారు. ఏం చేయాలి?

హంద్రీ (కర్నూలు)

2023 డిసెంబరు 1 తరువాత పత్రాలు ఇవ్వవలసి వచ్చిన రుణమైతే, పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. ముందు శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారికి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టవచ్చు. పత్రాలు అందాక పని అయిపోయిందనుకోవద్దు. రుణం తీసుకున్నప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తాకట్టు నమోదు చేసి ఉంటే, దానిని రద్దు చేయించి కొత్త ఈసీలో చూసుకోండి. లేకపోతే అమ్మేటప్పుడు కొనేవాడి బ్యాంకు దానిని పట్టుకుంటుంది.

ఆర్ట్స్ కాలేజీ రోడ్డు (అనంతపురం)

బ్యాంకు నుంచి ముఖ్యాంశాల పత్రం ఇవాళ అందింది. తెలుగులో అడిగితే మొదట లేదన్నారు, మేనేజరు గారిని కలిస్తే ఇచ్చారు. ఏపీఆర్ 7.89 అని ఉంది. బీమా గడి ఖాళీగానే ఉంది కానీ శాఖలో మాత్రం తీసుకోమని నోటిమాటగా చెబుతున్నారు. ‘ఈఎంఐనే పెంచాలి’ అన్న నా ఉత్తరాన్ని రుణ ఒప్పందానికి జత చేయించమని అడగాలా, విడిగా ఇస్తే చాలా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

విడిగా ఇచ్చినా చెల్లుతుంది, కానీ శాఖ స్టాంపు, తేదీ ఉన్న నకలు మీ దగ్గర ఉండాలి. మేనేజర్లు మారతారు, ఆ కాగితం మాత్రం మీ ఫైలులోనే ఉంటుంది. బీమా విషయంలో నోటిమాటకు నోటిమాటతో బదులివ్వకండి, ‘ఇది రుణానికి తప్పనిసరి షరతు అయితే రాసి ఇవ్వండి’ అని ఈమెయిల్‌లో అడగండి.